ముందు చెవి, తర్వాతే మతిమరుపు: పర్లాకిమిడి వీధుల్లో పెద్దల బాగోగులు చూసిన అనుభవం

"ఎలాగున్నారు మామ్మా?" అని అడిగితే పర్లాకిమిడిలో ఏ తెలుగింటి అరుగు మీదైనా వచ్చే జవాబు ఒకటే: "నాకేటమ్మా, బాగానే ఉన్నాను." ఆ 'బాగానే'లో ఏయే బాధలు సర్దుకుని కూర్చున్నాయో విప్పి చూడ్డానికి ఒక్కో మనిషి దగ్గర ముప్పావు గంట పడుతుంది. ఆంధ్రా సరిహద్దున ఉన్న ఈ ఒడిశా ఊళ్ళో, మహేంద్రతనయ ఏటి ఒడ్డున తెలుగు, ఒడియా కలిసిపోయిన వీధుల్లో అరవై దాటినవాళ్ళని చూస్తూ తిరిగాక మాకు కుదిరిన పద్ధతి ఇది. ఆశా దీదీలకీ, ఇంట్లో పెద్దవాళ్ళున్న కొడుకులకీ కోడళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాం.

జబ్బు లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదు, ఒళ్ళూ మనసూ నలుగురితో ఉండే సంబంధమూ అన్నీ బాగుండాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిబంధనావళిలోనే రాసుకుంది. అది అమల్లోకి వచ్చింది 1948 ఏప్రిల్ 7న. మాట బాగుంది గానీ, దాన్ని పట్టుకుని ఓ ఇంటికెళ్తే ఏం అడగాలో తెలీదు. 2019లో అదే సంస్థ ఐకోప్ పేరుతో పెద్దల సంరక్షణకి ఒక చేతిపుస్తకం తెచ్చింది. అందులో చూడాల్సినవి ఆరే ఆరు: మతి, నడక, తిండి, చూపు, వినికిడి, మనసు. వాటికి తోడు ఇల్లు, డబ్బు, ఒంటరితనం, చూసుకునేవాళ్ళ ఓపిక. డాక్టరు కానివాళ్ళు కూడా మొదటి జల్లెడ పట్టగలిగేంత తేలిగ్గా ఉంటుంది. తేడా కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలి. జబ్బు పేరు చెప్పడం మన పని కాదు.

సరంజామా పెద్దగా ఏం లేదు. చేతులు లేని గట్టి కుర్చీ, ఫోన్లో స్టాప్‌వాచ్, దర్జీ టేపు, బీపీ మిషను, టార్చి, ఇంగ్లిష్ 'ఈ' అక్షరాన్ని నాలుగు దిక్కులకీ తిప్పి అచ్చేసిన కంటి కార్డు, ఐదు చింతగింజలు. చేట వాళ్ళింట్లోనే ఉంటుంది. వెళ్ళేది ఇద్దరు. ఒకరు పెద్దాయనతోనో పెద్దావిడతోనో కూర్చోవాలి, రెండోవాళ్ళు రాసుకుంటూ, అవసరమైనప్పుడు ఇంట్లోవాళ్ళని మాటల్లో పెట్టి వంటింటి వైపు తీసుకుపోవాలి. ఈ రెండో పనే కష్టం. పింఛనిచ్చే 15వ తారీఖునా, సంత రోజునా వెళ్ళకూడదు. మనిషి ఇంట్లో ఉన్నా మనసు అక్కడుండదు.

పుస్తకంలో ముందుండేది మతి పరీక్ష. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమనాలి. మేమూ అలాగే మొదలుపెట్టాం, తప్పు చేశాం. మాట సరిగ్గా వినపడకపోతే మనిషి మొహమాటానికి తలూపుతుంది. తర్వాత అడిగితే చెప్పలేదు. కాగితం మీద 'మతిమరుపు' అని పడుతుంది. అసలు లోపం చెవిలో ఉంటుంది. ఇంట్లోవాళ్ళయితే "మా అత్తకి చాదస్తమండీ, అడిగిందానికి ఒకటి, చెప్పేది ఒకటి" అంటారు. అడిగింది ఆవిడకి వినపడిందా అని మాత్రం ఎవరూ చూసుండరు. అందుకని వరస మార్చేశాం: చెవి, కన్ను, ఆ తర్వాతే మతి.

చెవికి గుసగుస పరీక్ష చాలు. ఫ్యాను ఆపాలి, టీవీ ఆపాలి, వీలైతే పక్కింటి మిక్సీ ఆగేదాకా కూర్చోవాలి. మనిషికి వెనకగా, ఒక పక్కకి, చెయ్యి చాపినంత దూరంలో నిలబడాలి. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి చెప్పేస్తారు. ఏళ్ళ తరబడి వినికిడి తగ్గినవాళ్ళకి ఆ విద్య తెలీకుండానే పట్టుబడుతుంది. అవతలి చెవి రంధ్రం ముందుండే చిన్న ముక్కని వేలితో నొక్కి మూయించాలి. మనం ఊపిరి పూర్తిగా వదిలేసి, ఆ తర్వాత గుసగుసగా నాలుగు మాటలు ఒక్కొక్కటిగా చెప్పాలి: బియ్యం, గొడుగు, మేకు, తమలపాకు. ఊపిరి నిండా ఉంచుకుని చెబితే అది గుసగుస అవదు, పిలుపవుతుంది. నాలుగూ తిరిగి చెప్పగలిగితే ఆ చెవి బాగున్నట్టే. రెండో చెవికి వేరే నాలుగు మాటలు తీసుకోవాలి. ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళని ముందే ఏ భాషలో చెప్పమంటారో అడగాలి. ఇక్కడ సాధారణంగా పనిపాడయ్యేది పక్కన కూర్చున్న మనవడివల్ల, "మేకంట మామ్మా, మేకు!" అని వాడు అందించేస్తాడు.

వినపడకపోతే వెంటనే చెవిటి మిషను అనుకోనక్కర్లేదు. ముందు చెవిలో గుబిలి గట్టిపడిందేమో డాక్టరు చేత చూపించాలి. పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి తీసే అలవాటు ఉన్నచోట గుబిలి ఇంకా లోపలికి పోయి కూర్చుంటుంది.

కంటికి కార్డుని 3 మీటర్ల దూరంలో పట్టుకుని, 'ఈ' నోరు ఎటు తెరిచిందో వేలితో చూపించమనాలి. చదువు రాకపోయినా పరవాలేదు. ఒక కన్ను మూసి రెండోదానితో చూడాలి. అరచేత్తో మూయించండి, వేళ్ళతో అయితే సందుల్లోంచి చూస్తారు. దగ్గరి చూపుకి 40 సెంటీమీటర్లు. బియ్యంలో రాళ్ళేరలేకపోతున్నాననడం, సూదిలో దారం మనవరాలి చేత ఎక్కించుకోవడం దగ్గరి చూపు కబురు. ఎదురుగా లైటు పడితే చెదిరిపోయి కనపడుతుందంటే శుక్లం అయ్యుండొచ్చు. ఆ ఆపరేషను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే. కానీ "పోనిద్దురూ, ఈ వయసులో" అనేది ఎక్కువగా వినపడేది ఇక్కడే, అదీ రోగి నోట కంటే కొడుకు నోట.

ఇప్పుడు మతి. కొబ్బరి, తలుపు, నెమలి లాంటి మూడు మాటలు చెప్పి, మూడూ సరిగ్గా తిరిగి పలికేదాకా వినిపించాలి. తర్వాత ఇవాళ తేదీ ఏంటి, ఇప్పుడు ఎక్కడున్నాం అని అడగాలి. కొంచెం మాట్లాడి మళ్ళీ ఆ మూడు మాటలూ అడగాలి. తేదీ దగ్గర మన సరిహద్దుకే ఉన్న చిక్కొకటుంది, అది ఏ పుస్తకంలోనూ లేదు. అక్షరం రాని పెద్దలు ఇంగ్లిష్ తారీఖు చెప్పలేరు, తిథి, వారం చెబుతారు. ఒడియా పంచాంగంలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, తెలుగువాళ్ళకి అమావాస్యతో. కార్తీక పౌర్ణమి దాటిన మర్నాడు ఒడియా ఇంట్లో మార్గశిరం వచ్చేస్తుంది, పక్కనున్న తెలుగింట్లో ఇంకా కార్తీక బహుళమే. రెండు ఇళ్ళ ఆచారాలూ కలిసిపోయిన కుటుంబంలో ఆ పదిహేను రోజుల్లో ఎవరినైనా నెల అడిగి, వచ్చిన జవాబుని తప్పని రాశామంటే మనకే మతి లేనట్టు. లక్ష్మివారం పూజలు మొదలయ్యాయా లేదా, సంత నిన్నా రేపా అని అడిగితే నిజం తేలిపోతుంది.

నడకకి కుర్చీ పరీక్ష. ఇది చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ దీనంత కబుర్లు చెప్పేది ఇంకోటి లేదు. కుర్చీని గోడకి ఆనించి పెట్టాలి, లేకపోతే మూడోసారికి వెనక్కి జారుతుంది. కూర్చునే ఎత్తు 43 నుంచి 45 సెంటీమీటర్లు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ అయితే కాళ్ళు విచ్చుకోనిది చూసుకోవాలి. చేతులు గుండెల మీద అడ్డంగా కట్టుకోమనాలి. ముందు ఒక్కసారి లెమ్మనాలి. చేతి ఊతం లేకుండా ఆ ఒక్కసారీ లేవలేకపోతే అక్కడితో ఆపెయ్యాలి, పంతానికి పోకూడదు. లేవగలిగితే, "ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా, ఐదుసార్లు పూర్తిగా నిలబడి కూర్చోండి" అని మనం ఒకసారి చేసి చూపించాలి. మొదలుపెట్టమన్న క్షణం నుంచి ఐదోసారి నిటారుగా నిలబడేదాకా లెక్క. 14 సెకన్ల లోపు అయితే సరే. దాటితే నడక, తూకం, కండ బలం వివరంగా చూపించాలి.

తప్పులెక్కడొస్తాయంటే, పూర్తిగా నిలబడకుండా సగం లేచి కూలబడతారు, అది లెక్కలోకి రాదు. చీర కుచ్చెళ్ళు కాళ్ళకడ్డం పడతాయి, ముందే కాస్త ఎత్తి దోపుకోమనాలి. మధ్యలో "మా కాలంలో అయితేనా..." అంటూ కబుర్లలో పడిపోతారు, గడియారం నడుస్తూనే ఉంటుంది. నేల మీద పీట వేసుకుని కూర్చునే అలవాటున్న ఆడవాళ్ళు డెబ్బైల్లో కూడా 11 సెకన్లకి ముగించేస్తారు, అరుగు మీద వాలుకుర్చీలో పత్రిక చదువుకునే రిటైర్డు మేష్టార్లకి 18 పడుతుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు బలహీనం అని రాసుకొచ్చిన లెక్కలు ఇక్కడ కొంచెం తడబడతాయి.

బీపీ కూర్చోబెట్టి తీయడం అందరికీ తెలిసిందే: ఐదు నిమిషాలు నిదానంగా కూర్చున్నాక, పాదాలు నేలకానించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, అంతకు అరగంట ముందు టీ, చుట్ట లేకుండా. అందరూ వదిలేసేది నిలబడ్డాక తీసే బీపీని. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి తీసి, నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ తీయాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, తెల్లారగట్ల లేచినప్పుడు కళ్ళు తిరిగి పడే ప్రమాదం ఉన్నట్టు. దానికి మూలం తరచుగా చేటలో దొరుకుతుంది.

చేట అంటే ఇది: ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పాతవీ కొత్తవీ, దిండుకిందవీ దేవుడిగూట్లోవీ, ఒక్క చేటలో పోయించాలి. ఇక్కడి మనిషి బరంపురంలో ఒక డాక్టరుకి చూపించుకుంటాడు, కొడుకు తీసుకెళ్తే శ్రీకాకుళంలో ఇంకొకరికి, మధ్యలో ఏటవతల పాతపట్నంలో మందుల షాపువాడికి. చీటీ ఒకటి ఒడియాలో, ఒకటి ఇంగ్లిష్‌లో, చదివేది మనవడు. పేర్లు వేరు, డబ్బాలు వేరు, లోపలి మందు మాత్రం ఒకటే. రేకు మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. ఎమ్లోడిపిన్ అనే బీపీ మందు రెండు పేర్లతో రెండుపూటలా వేసుకుంటే కాళ్ళవాపు వస్తుంది. ఆ వాపు చూసి ఇంకో చోట నీరు పోయే మాత్ర రాస్తారు. దాంతో రాత్రి నాలుగుసార్లు పెరట్లోకి లేవాలి. లేచినప్పుడు బీపీ పడిపోతుంది, మనిషీ పడిపోతుంది. తుంటి ఎముక విరిగాక ఆస్పత్రి కాగితంలో 'కాలుజారి పడ్డారు' అని ఉంటుంది. రెండు డబ్బాల ఊసే ఉండదు. అయితే మాత్రలు మనం ఆపకూడదు. ఒకే మందున్న రేకులని రబ్బరుబ్యాండేసి ఒక కట్టగా డాక్టరు ముందు పెట్టించాలి, అంతవరకే.

చేటలో మోకాళ్ళ నొప్పుల మాత్రలు గుప్పెడు దొరికితే ఇంకో మాట అడగాలి. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఉద్దానం నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, అక్కడ కొబ్బరితోటల్లో పనిచేసినవాళ్ళు ఈ ఇళ్ళలో ఉంటారు. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువన్న సంగతి తెలిసిందే. షాపులో చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే బాగున్న కిడ్నీకే ముప్పు. వీళ్ళకి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రాయించమని ప్రత్యేకంగా చెప్పాలి. చక్కెర జబ్బుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో అరికాళ్ళ తిమ్మిరి, మతిమరుపు ఉంటే బి12 విటమిన్ తగ్గిందేమో చూపించుకోమనాలి.

తిండి దగ్గర పుస్తకం అడిగేవి రెండు: మూడు నెలల్లో ప్రయత్నించకుండానే 3 కిలోల కంటే ఎక్కువ తగ్గారా, ఆకలి మందగించిందా. తూకం చూసుకునే అలవాటు ఎవరికీ ఉండదు. గాజులు చూడండి. మణికట్టు దగ్గర ఉండాల్సినవి చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతున్నాయంటే, జాకెట్టు కుట్లు రెండోసారి లోపలికి వేయించుకున్నారంటే, ఉంగరానికి దారం చుట్టారంటే అదే తూకం. పిక్కకి దర్జీ టేపు చుట్టి లావుగా ఉన్నచోట కొలిస్తే 31 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ కరిగినట్టు. వాపున్న కాలికి ఈ కొలత పనికిరాదు.

పెద్దవాళ్ళకి ఒంటి బరువు కిలోకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి కనీసం 50 గ్రాములు. పొద్దున చద్దన్నం, పఖాళ అన్నా అదే, మధ్యాహ్నం అన్నం పప్పుచారు, రాత్రి మజ్జిగన్నం తినేవాళ్ళకి లెక్కేస్తే: 200 గ్రాముల బియ్యంలో 16, గుప్పెడు, అంటే 30 గ్రాముల కందిపప్పులో 6 లేక 7. మొత్తం 22, 23 దగ్గర ఆగిపోతుంది. రెండు గుడ్లు 12, గ్లాసు పాలు 6. ఇరవై గ్రాముల ఎండు మెత్తళ్ళు ఇంకో పది. అప్పటికి 50 అందుతుంది. ఎండుచేపల్ని వేణ్ణీళ్ళలో రెండుసార్లు నానబెట్టి పారబొయ్యాలి, ఉప్పు బీపీకి మంచిది కాదు. కిడ్నీ జబ్బు తేలినవాళ్ళకి మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్ళకెంతో డాక్టరే చెప్పాలి. చోడి అంబలి మంచిదే గానీ అదొక్కటే తాగి కడుపు నింపుకుంటే మాంసకృత్తుల లోటు లోటుగానే ఉంటుంది. ఆకలి లేదంటే టార్చేసి నోరు చూడండి. కదిలే పన్ను, గుడాకు అనే పొగాకు ముద్ద రుద్దిన చిగుళ్ళు, అడ్డపొగ, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగేవాళ్ళ అంగిట్లో తెల్ల మచ్చలు కనిపిస్తాయి. మచ్చ ఉంటే ఆ వారమే దంతవైద్యుడి దగ్గరికి పంపాలి.

మనసుని ఆఖర్న ఉంచుతాం. అంతసేపటి పరిచయం అయ్యాక గానీ ఎవరూ నోరు విప్పరు. ఈ పని ఇంట్లోవాళ్ళెవరూ దగ్గర లేనప్పుడు కావాలి. మాకు ఇచ్చిన ప్రశ్నపత్రంలో "గత రెండు వారాలలో నిస్పృహకు, నిరాసక్తతకు లోనైనారా?" అని ఉంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఆ వాక్యం చదవాలంటే నాలుక ఆడలేదు. "ఈ పదిహేను రోజుల్లో దిగులుగా, బెంగగా ఉందా? ఇష్టమైన పని కూడా చెయ్యబుద్ధవడం లేదా?" అని మార్చాక జవాబులొచ్చాయి. అయినా 'దిగులు' అనే మాట ఒప్పుకోనివాళ్ళు చాలామంది. వాళ్ళు "గుండెల్లో బరువు", "ఒంట్లో నీరసం", "నిద్ర పట్టి చావదు" అంటారు. గుండె పరీక్ష చేయించి ఏమీ లేదని తేలాక, అది కూడా జవాబే.

అంకె కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు వాక్యాల కొలబద్ద ఉంది. ఉల్లాసంగా ఉన్నానా, కుదురుగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, నిద్ర లేచేసరికి తెరిపిగా ఉందా, రోజు గడవడంలో నచ్చిన పనులున్నాయా. ఒక్కోదానికి సున్నా నుంచి 5. ఎప్పుడూ అలాగే ఉంటే 5, అసలు లేకపోతే సున్నా. అంకెలు చెప్పమంటే తికమక పడతారు కాబట్టి ఐదు చింతగింజలు ముందు పెట్టి, "పదిహేను రోజుల్లో ఎన్నాళ్ళలా ఉన్నారో అన్ని గింజలు ఇటు జరపండి" అంటాం. గింజల మొత్తాన్ని 4తో గుణించాలి. 11 గింజలొస్తే 44. యాభై కంటే తక్కువైతే డాక్టరుకి చూపించాలి. ఐదింటికీ ఐదేసి గింజలు చకచకా తోసేసినవాళ్ళని నమ్మకండి. కోడలు గుమ్మంలో నిలబడుందేమో చూసి, ఇంకో రోజు రండి. సంక్రాంతి వారంలో సూరత్ నుంచో చెన్నై నుంచో కొడుకులొచ్చి ఉంటే గింజలు ఎక్కువే పడతాయి, వాళ్ళు రైలెక్కిన పది రోజులకి అడిగితే అసలు లెక్క వస్తుంది. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే వెంటనే వేరే ప్రశ్నకి వెళ్ళకూడదు, వాళ్ళని ఒంటరిగా వదలకూడదు. మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 అక్కణ్ణించే కలిపి మాట్లాడించాలి. పెద్దలకి ఇతర సాయానికి ఎల్డర్‌లైన్ 14567.

ఇంటి విషయం త్వరగా తేలుతుంది. పెరట్లోకి దారి రాత్రిపూట వెలుతురుందా, నూతి దగ్గర రాయి నాచు పట్టిందా, నులక మంచం కుంగి నేలకి తగులుతోందా. మంచం నులక బిగిస్తే చాలు, కుర్చీ పరీక్షలో ఫెయిలైన మనిషి కూడా తనంతట లేవగలదు. చూసుకునే మనిషిని కూడా విడిగా ఒక మాట అడగాలి: "రాత్రి నిద్ర పడుతోందా నీకు?" ఎక్కువసార్లు అక్కడే ఏడుపొస్తుంది.

అన్నీ అయ్యాక ఇంకో ప్రశ్న, పుస్తకం కూడా ఇది తప్పనిసరంటుంది: "ఏం చెయ్యగలిగితే మీకు బాగుణ్ణనిపిస్తుంది?" "నొప్పి పోవాల" అని ఎవరూ అనరు. "ఏటి గట్టుదాకా నేనొక్కదాన్నే వెళ్ళి రావాల", "గుళ్ళో పురాణం చెబుతుంటే వినపడాల" అంటారు. కాగితం మీద అన్నిటికంటే పైన అది రాయాలి, మిగతావన్నీ దానికింద. గట్టుదాకా నడవాలంటే రోజు విడిచి రోజు కుర్చీ లేవడాలు పదేసి చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, గుడ్డు, నిలబడ్డాక తీసే బీపీ, కొత్త కళ్ళజోడు అన్నీ ఒకే దారిలో పడతాయి. విడివిడిగా చెబితే ఒక్కటీ చెయ్యరు.

మూడు నెలలకి మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు పాత కాగితంలో కుర్చీ ఏదో రాసుందా చూసుకోండి. మొదటిసారి పక్కింటి ఎత్తు కుర్చీ మీద 13 సెకన్లు, రెండోసారి వాళ్ళింటి పొట్టి కుర్చీ మీద 16 వస్తే మనిషి నీరసించిందనుకుని గాబరా పడతారు. కూర్చునే ఎత్తు రెండు వేళ్ళు తగ్గినా లేవడానికి ఎక్కువ బలం కావాలి. మేమిప్పుడు పేరు పక్కనే రాస్తున్నాం: 'పక్కింటి ఎర్ర కుర్చీ, ఎత్తు 44, గోడకి ఆనించి.'